మళ్ళీ వదిన

మా ఇంట్లో ఏ పనీ ఒక్కసారితో పూర్తికాదు. గడియ పెట్టాక మళ్ళీ లాగి చూడాలి. పొయ్యి ఆపాక మళ్ళీ వెళ్ళి మీట తడిమి చూడాలి. సంచిలో తాళంచెవి ఉందని తెలిసినా వీధి మలుపులో ఆగి మళ్ళీ సంచి విప్పాలి. ఇదేదో నా పుట్టింటి అలవాటు అనుకోకండి. మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, మాకు అంటించిన జబ్బు. ఆవిడ ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. అక్కడ ఆయాల నుంచి పెద్ద డాక్టరు వరకు అందరూ ఆవిడని "మళ్ళీ మేడమ్" అంటారు, ఆవిడ లేనప్పుడు. నేను "మళ్ళీ వదిన" అంటాను, ఆవిడ ఎదురుగానే. నా నోట్లో నువ్వుగింజ నానదు, కోపం ముక్కు మీదే కాపురం ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడకి టీ పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది. "పాలవల్లనో, నువ్వు మరిగించడంవల్లనో తెలియడం లేదు, ఏదో తేడాగా ఉంది. మళ్ళీ పెట్టు" అంది. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ పెట్టాను. అదీ తాగి, "ఆ, ఇదీ అలాగే ఉంది. అయితే పాలదే తప్పు, నీది కాదు" అని తేల్చింది. తప్పు నాది కాదని తేలినందుకు సంతోషించాలో, రెండుసార్లు పొయ్యి ముందు నిలబెట్టినందుకు ఏడవాలో తెలియలేదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు పెద్దలు. మా వదినని చూస్తే ఆ లెక్క వేసినవాళ్ళు కాస్త తక్కువ వేశారనిపించింది.

అయినా ఆవిడ మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేను. మా అత్తగారు పోయేటప్పటికి మా ఆయన ఇంకా నిక్కర్లు వేసుకునే వయసు. మామగారిది కాపలా ఉద్యోగం, ఇంటిపట్టున ఉండేవాడు కాదు. వండి పెట్టడం, బడికి పంపడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం అన్నీ ఈ అక్కే చేసింది. అక్క పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "చూడ్డానికి వచ్చినాయన్ని మళ్ళీ రమ్మంది, ఆయన రాలేదు" అని మా ఆయన వేళాకోళం చేస్తాడు. అసలు సంగతి అది కాదు. తమ్ముడు చేతికందేసరికి ఆవిడకి ఆ వయసు దాటిపోయింది. ఆ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు, నేనే అంటున్నాను.

ల్యాబ్‌లో ఆవిడ పొద్దున్నే చేసే మొదటి పని రోగి రక్తం తీయడం కాదు. ఫ్రిజ్‌లోంచి ఒక చిన్న సీసా తీస్తుంది. అందులో చక్కెర ఎంత ఉందో తయారుచేసినవాళ్ళు ముందే కొలిచి సీసా మీద రాసి ఉంచుతారు. దాన్ని మిషన్‌లో పెట్టి, మిషన్ కూడా అంతే చెబితేనే కిటికీ తెరుస్తుంది. తేడా వస్తే మిషన్‌ని సరిచేసేదాకా బయట వరుస ఎంత పెరిగినా కదలదు. "ఏమీ తినకుండా వచ్చాం తల్లీ" అని జనం గోల పెడితే కిటికీలోంచి తల బయటపెట్టి, "తినకుండా వచ్చారు కాబట్టే తప్పుడు అంకె ఇచ్చి పంపలేను" అంటుంది. ఏ రక్తం మీదైనా అనుమానం వస్తే మళ్ళీ చూస్తుంది. రెండుసార్లు ఒకేలా వస్తే నమ్ముతుంది, మూడోసారి జోలికి పోదు. రెండుసార్లు చూడనివాడు బద్ధకస్తుడు, మూడుసార్లు చూసేవాడు పిరికివాడు అని ఆవిడ సిద్ధాంతం.

అప్పుడప్పుడూ ఎక్కడినుంచో సీలు వేసిన గొట్టం ఒకటి వస్తుంది. అదే రక్తాన్ని చాలా ఆసుపత్రులకి పంపుతారట. ఎవరికెంత వచ్చిందో అందరూ తిరిగి చెబితే, ఎవరి కొలత దారి తప్పిందో తేలుతుంది. ఆ జవాబు వచ్చేదాకా మా వదిన బడిపిల్లలా గోళ్ళు కొరుక్కుంటుంది. "నా దగ్గర నూటయాభై అంటే ఇంకో ఊళ్ళోనూ దరిదాపు నూటయాభయ్యే అనాలి. ఊరు మారితే మనిషి రక్తం మారుతుందా?" అని అడుగుతుంది. నాకు అప్పట్లో ఇదంతా ఉత్త చాదస్తంగా కనిపించేది.

మా ఆయనా నేనూ టాఫీల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. బయటివాళ్ళు చాక్లెట్లు అంటారు. చేసేవాళ్ళం కనుక మేం టాఫీలనే అంటాం. నేను ప్యాకింగ్ హాల్లో. ఆయన పాకం మేస్త్రి. పంచదారనీ, డ్రమ్ముల్లో వచ్చే గ్లూకోజు జిగురునీ పెద్ద రాగి పాత్రలో మరిగించి, సరిగ్గా పాకం కుదిరిన క్షణాన దించడం ఆయన పని. రెండు డిగ్రీలు తక్కువైతే టాఫీ పళ్ళకి అంటుకుపోతుంది, రెండు ఎక్కువైతే గాజుముక్కలా పగులుతుంది. అక్కకి తగ్గ తమ్ముడు కదా, రోజూ పని మొదలుపెట్టేముందు థర్మామీటరుని మరిగే నీళ్ళలో ముంచి, అది నూరు చూపిస్తేనే పాకంలో పెడతాడు. ఆ పాత్ర ముందు నిలబడ్డప్పుడు ఆయన ముఖంలో వచ్చే కళ మా పెళ్ళిలో కూడా చూడలేదు నేను. ఈ మాట ఆయనతోనే అన్నాను. నవ్వాడు గానీ కాదనలేదు.

మా ఫ్యాక్టరీలో ఒక నమ్మకం పాతుకుపోయి ఉండేది. తీపి ముట్టుకునేవాళ్ళకి షుగరు చర్మంలోంచి ఒంట్లోకి ఎక్కుతుందని. ఊరికే పుట్టిన నమ్మకం కాదు. నెలకోసారి కంపెనీ డాక్టరుగారు వస్తారు. ప్యాకింగ్ హాలు పక్క గదిలో రోజూ ఉండే నర్సు ఆవేళ చిన్న మిషన్ పెట్టుకుని కూర్చుంటుంది. పని మధ్యలో ఒక్కొక్కరినీ పిలిచి, వేలిని స్పిరిట్ దూదితో తుడిచి, సూదితో పొడిచి, చుక్క రక్తం తీసి మిషన్‌కి గుచ్చిన సన్నటి పట్టీకి తాకిస్తుంది. మాలో సగంమందికి రెండువందల యాభై, మూడువందలు. ఆఫీసుగదిలో కుర్చీల్లో కూర్చునేవాళ్ళకి మాత్రం మామూలుగా వచ్చేది. ఇంకేం కావాలి సాక్ష్యం? డ్రమ్ములు దొర్లించే ఆయన రెండు జతల తొడుగులు వేసుకునేవాడు. నా పక్కన కూర్చునే పెద్దావిడ స్నానం చేసేదాకా మనవరాలిని ఎత్తుకునేది కాదు, పాపకి అంటుతుందని. "కంపెనీవాళ్ళు బోనసు తిన్నగా ఒంట్లోనే వేసేస్తున్నారు" అని జోకులు వేసుకుని, డాక్టరుగారు రాసిచ్చిన మందులచీటీలు మడిచి దాచేసి సర్దుకుపోయాం.

నేను మాత్రం సూదికి భయపడి ప్రతిసారీ ఏదో సాకు చెప్పి ఎగ్గొట్టేదాన్ని. ఎలాగూ ఎక్కువే వస్తుందని తెలిసినదానికి పొడిపించుకోవడమెందుకని నా వాదన. పెద్ద నీళ్ళసీసా పక్కన పెట్టుకుని, మాటిమాటికీ గుటకలు వేస్తూ, హాల్లో వేడిని తిట్టుకుంటూ నా పని నేను చేసుకునేదాన్ని.

మా ఆయనకి షుగరు నిజంగానే కొంచెం ఉంది. అది వదినే ఆసుపత్రిలో కనిపెట్టింది. అక్కడి డాక్టరు చిన్న మాత్ర ఒకటి రాస్తే, దానితో కడుపులో చల్ల కదలకుండా గడిచిపోతూ ఉండేది. కంపెనీ పరీక్షలు మొదలయ్యాక ఆయన అంకె ఒక నెల రెండువందల నలభై, ఇంకో నెల మూడువందల పది. కంపెనీ డాక్టరుగారు మాత్ర పెంచారు. మళ్ళీ పెంచారు. ఇంకో రకం కలిపారు. ఈయన తీపి మానేశాడు. తర్వాత తిండి తగ్గించాడు. చివరికి మధ్యాహ్నం భోజనమే మానేశాడు. అయినా అంకె దిగదు. పైగా ఎండ నడినెత్తికి వచ్చేసరికి చేతులు వణకడం, చెమటలు పట్టడం. పొయ్యి దగ్గర నిలబడేవాడికి చెమట పట్టడంలో వింతేముందని ఎవరూ పట్టించుకోలేదు. "షుగరు పెరిగినట్టుంది" అని ఆయన ఆపూట ఇంకాస్త కడుపు మాడ్చుకునేవాడు.

ఒకరోజు పాకం దించబోతూ కళ్ళు తిరిగి పాత్ర మీదికి ఒరిగాడు. పక్కనున్న పొయ్యి మనిషి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మరిగే పాకంలో రెండు చేతులూ మోచేతులదాకా... ఆ మాట నేను పూర్తి చేయలేను. నన్ను పిలుచుకొచ్చేటప్పటికి ఆయన నేలమీద కూర్చుని, ఎవరో ఇచ్చిన తియ్యటి టీ తాగి తేరుకుంటున్నాడు. నర్సు పరుగున వచ్చి వేలు పొడిచి చూసింది. రెండువందల ఎనభై ఆరు. టీ తాగాకే మనిషి బాగయ్యాడన్న సంగతి మాలో ఒక్కరి బుర్రకీ తట్టలేదు.

మేనేజరు చెడ్డవాడు కాదు. "ప్రస్తుతానికి గోదాములో కూర్చో మేస్త్రీ. వచ్చే నెల పరీక్షలో కూడా అంకె దిగకపోతే ఇక పొయ్యి దగ్గరికి పంపలేను. నువ్వు పాత్రలో పడితే నీ భార్యకి నేనేం సమాధానం చెప్పాలి?" అన్నాడు. దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిందేనని డాక్టరుగారు కబురు చేశారు. ఇంటికొచ్చి మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"గోదాములో నేనేం చేస్తానే? మూటలకి పాకం పట్టనా?" అన్నాడు.

నాకు గోదాము దిగులు లేదు. పొయ్యి లేకపోతే పీడాపోయిందనుకునేదాన్ని. కానీ మాత్రలు పెరిగేకొద్దీ మనిషి నీరసపడిపోతున్నాడు. ఈసారి వీధిలో పడతాడో, మెట్ల మీద పడతాడో, వెనక్కి లాగేవాళ్ళు పక్కన ఉంటారో ఉండరో అని నా భయం.

"అక్కకి చెప్పకు. చెబితే 'మళ్ళీ' అంటుంది" అన్నాడు.

"అననీ. ఆ మాట వినడానికే చెబుతాను" అన్నాను. జన్మలో మొదటిసారి ఆ మాట కోసం బస్సెక్కాను.

వదిన అంతా విని, "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అంది.

"మీరు మళ్ళీ మళ్ళీ అని ప్రాణం తోడేస్తారని."

ఆవిడ నొచ్చుకుందేమో, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "రేపు మధ్యాహ్నం, వణుకు వచ్చే వేళకి వాణ్ణి తీసుకురా" అని మాత్రం చెప్పింది.

తీసుకెళ్ళాను. బల్ల మీద కూర్చోబెట్టేసరికే ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. వదిన మోచేతి మడతలో నరం నుంచి రక్తం తీసి మిషన్‌కి పెట్టింది. యాభై నాలుగు. రెండువందలు కాదు, నూటయాభై కాదు, యాభై నాలుగు. ఆవిడ ముఖం పాలిపోయింది. "తియ్యగా ఏదైనా ఉందా నీ దగ్గర?" అని నన్నడిగింది. టాఫీల ఫ్యాక్టరీ మనిషిని పట్టుకుని అడిగే ప్రశ్నేనా అది? సంచిలోంచి రెండు తీసి కాగితాలు విప్పాను.

"అక్కా, నాకు షుగరు..." అన్నాడు మా ఆయన.

"షుగరు లేకే ఒరేయ్, ఈ వణుకు. నోరు తెరు."

తన చేత్తో వండిన టాఫీని ఏడాది తర్వాత నోట్లో పెట్టుకున్నాడు. మొదటిది అయిపోయి రెండోది సగంలో ఉండగా వణుకు తగ్గింది. ముఖానికి రంగు వచ్చింది. ఆలోగా వదిన అదే గొట్టంలో రక్తాన్ని మళ్ళీ చూసింది. యాభై అయిదు. ఇక ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "ఏ మిషన్‌రా మీ ఫ్యాక్టరీది? చెత్తబుట్టలో పారేసేది. ఉన్నదానికి అయిదింతలు చెబుతుందా?" అని ఎగిరింది. నేనూ తోడు ఎగిరాను. వదినా మరదళ్ళం ఒకే మాట మీద ఉండటం చూసి మా ఆయన బిత్తరపోయాడు. వదిన అప్పటికప్పుడు కంపెనీ డాక్టరుగారికి ఫోన్ చేసింది. మాత్రలు ఆపమని, తను మర్నాడే ఫ్యాక్టరీకి వస్తానని ఆయన చెప్పారు.

మర్నాడు వదిన సెలవు పెట్టి వచ్చింది. ఆ చిన్న మిషన్లకి సరిపడే సీసా వేరే ఉంటుందట, అది వెంట తెచ్చింది. గొడవ తప్పదని నేను కొంగు బిగించి సిద్ధంగానే ఉన్నాను. డాక్టరుగారేమో కుర్చీలోంచి లేచి, "రండమ్మా. ఇంతమందికి ఎందుకుంటోందా అని నాకూ అనుమానమే. మాత్రలు పెంచింది నేను కదా, తప్పుంటే ముందు నాకే తెలియాలి" అన్నారు. తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

సీసా మీద నూట ఇరవై అని ఉంది. నర్సు మిషన్ నూట పద్ధెనిమిది చూపించింది. వదిన కళ్ళద్దాలు సరిచేసుకుంది. "మళ్ళీ" అంది. నూట ఇరవై ఒకటి. పట్టీల డబ్బా తిప్పి చూసింది. గడువు దాటలేదు, మూత బిగుతుగానే ఉంది. మిషన్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అని నర్సు గొణిగింది, అందరికీ వినపడేంత గట్టిగా.

మా వదినని నేను లక్ష అంటాను. ఇంకొకరు అంటే ఊరుకోను. నోరు తెరవబోతుంటే వదిన నా మణికట్టు పట్టుకుని నొక్కింది.

"ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేం లేదు. ఈ మిషన్ సరిగ్గా ఉంది" అంది మెల్లగా. "అయితే తప్పు నా దగ్గరుందా?"

ఆవిడ తనని తాను అనుమానించుకోవడం అదే మొదటిసారి చూశాను. వదిన కొలత తప్పయితే ఆయనకి మూడువందలు ఉన్నట్టే. ఇన్సులిన్ తప్పదు, గోదాము తప్పదు. మరి టాఫీ తిని తేరుకున్నాడు కదా, అదేమిటి?

వదిన ప్యాకింగ్ హాల్లోకి వచ్చి నా బల్ల దగ్గర కూలబడింది. పక్కనున్న పెద్దావిడ, మేస్త్రి అక్కగారు మొదటిసారి వచ్చారు కదా అని, అప్పుడే మిషన్ మీంచి వచ్చిన వెచ్చని టాఫీ ఒకటి చేతిలో పెట్టింది. వదిన కుడిచేత్తో తీసుకుని పరధ్యానంగా నమిలింది. అలా నములుతూనే లేచి వెళ్ళి నర్సు ముందు కూర్చుని, "నాది పొద్దున ఈ సీసా కోసం మా ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు చూసుకుంటే తొంభై రెండు. నీ దాంట్లో ఎంతొస్తుందో చూడమ్మా" అని కుడిచెయ్యి చాపింది. నర్సు పద్ధతిగా స్పిరిట్ దూదితో తుడిచి, పొడిచి, పట్టీ తాకించింది.

రెండువందల అరవై మూడు.

"మీకు ఎప్పట్నుంచి ఉందమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"ఇప్పట్నుంచే" అంది వదిన. "మళ్ళీ." ఈసారి ఎడమచెయ్యి చాపింది. తొంభై ఏడు.

ఒకే మనిషి, ఒకే రక్తం, రెండు చేతులకి రెండు అంకెలు. వదిన రెండు చేతులూ ముందు పెట్టుకుని వాటినే చూస్తోంది. గుమ్మంలో నిలబడి ఉన్న మా ఆయన వచ్చి అక్క కుడిచేతి వేళ్ళు తన వేళ్ళతో రుద్ది చూశాడు.

"దీనికి ఇంకా పాకం ఉందక్కా" అన్నాడు.

"స్పిరిట్‌తో తుడిచాను కదా" అంది నర్సు.

"స్పిరిట్‌కి జిడ్డు పోతుందేమో గానీ పాకం పోదమ్మా. దానికి నీళ్ళే మొగుడు. మా పాత్రలు మేం నీళ్ళు పోసే కడుగుతాం, ఇంకేం రాసినా కదలదు."

వదిన ఇంకేమీ అనకుండా లేచి, హాలు చివర కుళాయి దగ్గర సబ్బుతో కుడిచెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చి కూర్చుంది. అదే చెయ్యి, పక్క వేలు. తొంభై తొమ్మిది. తర్వాత మా ఆయన్ని కూర్చోబెట్టారు. గోదాములో కూడా ఆయన డ్రమ్ముల మూతలు బిగిస్తూనే ఉన్నాడు. కడగని చెయ్యి రెండువందల డెబ్బై, కడిగిన చెయ్యి నూట ముప్పై ఒకటి. మిషన్ అబద్ధం చెప్పలేదు. తనకి చూపించినదాన్ని సరిగ్గానే కొలిచింది. మేం చూపించింది రక్తం ఒక్కటే కాదు, వేలి మీద కంటికి కనపడకుండా ఎండిపోయిన గ్లూకోజుని కూడా కలిపి చూపించాం. ఆఫీసువాళ్ళకి మామూలుగా ఎందుకొచ్చేదో అప్పుడు తెలిసింది. వాళ్ళ చేతులకి సిరా అంటుతుంది గానీ జిగురు అంటదు.

డాక్టరుగారు చాలాసేపు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ఆ రోజు నిన్ను వెనక్కి లాగిన పొయ్యి మనిషికి నేను రుణపడి ఉన్నాను" అన్నారు. నర్సు వదిన దగ్గరికి వచ్చి తల దించుకుంటే, "నువ్వు నేర్చుకున్నట్టే చేశావు. నేనూ మిషన్‌నే తిట్టాను కదా, నీకంటే గట్టిగా" అని వదిన నవ్వేసింది.

మేనేజరు మాత్రం మాట మార్చలేదు. వచ్చే నెల అందరి ముందూ అంకె చూశాకే మేస్త్రిని పొయ్యి దగ్గరికి పంపుతానన్నాడు. ఆ నెల్లాళ్ళూ మా ఆయన పాత చిన్న మాత్ర ఒక్కటే వేసుకుని, మూడుపూటలా తిని, గోదాములో ఈగలు తోలాడు. పాకం దగ్గర ఇంకొకాయన్ని పెట్టారు. ఆ నెల తయారైన టాఫీ తిన్నవాళ్ళు రెండు దవడలూ విడదీసుకోలేక అవస్థపడ్డారని చెప్పుకునేవాళ్ళం.

పరీక్షరోజున బల్ల గదిలోంచి కుళాయి పక్కకి మారింది. సబ్బు, శుభ్రమైన తువ్వాళ్ళు పెట్టారు. గోడమీద మా ఆయనే సుద్దతో "ముందు కుళాయి, తర్వాత సూది" అని రాశాడు. డాక్టరుగారు అడిగితే వదిన కూడా వచ్చింది. ముందు సీసా చుక్కతో మిషన్‌ని పరీక్షించి అందరికీ చూపించారు. ఆపైన ఎవరి వేలి అంకె ఎంతొచ్చినా, కొందరికి నరం నుంచి కూడా రక్తం తీసి వదిన ల్యాబ్‌కి పంపి సరిచూడాలని ఏర్పాటు. "నూటికి పది, పదిహేను అటూ ఇటూ అయితే పరవాలేదు. అంతకు మించితే నాకు ఫోన్ చెయ్యి" అని వదిన నర్సుకి చెప్పడం విన్నాను.

మొదట మా ఆయన. చేతులు కడుక్కుంటుంటే మేనేజరు పక్కనే నిలబడ్డాడు. నూట ముప్పై ఎనిమిది. మా ఆయనే "మళ్ళీ" అన్నాడు, అక్క కంటే ముందు. నూట నలభై.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావు మేస్త్రీ? అవతల పాకం ముదిరిపోతోంది" అన్నాడు మేనేజరు. మా ఆయన చేతిలో తువ్వాలైనా కింద పెట్టకుండా పొయ్యి గదిలోకి పరిగెత్తాడు. కాసేపటికి లోపల్నుంచి, "ఈ థర్మామీటరుని నీళ్ళలో ముంచి ఎన్నాళ్ళయింది?" అని ఎవరినో కోప్పడటం వినపడింది. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. సంతోషానికే.

తర్వాత ఒక్కొక్కరూ కడుక్కుని కూర్చున్నారు. ఎక్కువమందికి ఏమీ లేదు. రెండు జతల తొడుగులాయనకి నూట పది. పెద్దావిడకి తొంభై నాలుగు. ఆవిడ ఆ సాయంత్రం పని అవగానే నేరుగా వెళ్ళి మనవరాలిని ఎత్తుకుని ముద్దుపెట్టుకుందట. చివరికి వదిన నావైపు తిరిగింది.

"నువ్వూ కడుక్కో."

"నాకెందుకు వదినా, పనుంది."

"నీ మొగుడు నీకంటే ముందు కూర్చున్నాడు. భయపడ్డాడా?"

ఆ మాట పడలేక కూర్చున్నాను. సూది గుచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే రెండువందల అరవై ఎనిమిది.

నవ్వు వచ్చింది నాకు. "చూశారా, సరిగ్గా కడుక్కోలేదు. నా చేతులకి పదేళ్ళ జిగురు కదా" అన్నాను. మళ్ళీ వెళ్ళి మోచేతులదాకా సబ్బు రుద్ది, గోళ్ళలో కూడా తోమి, తుడుచుకుని వచ్చాను. ఇంకో చెయ్యి ఇచ్చాను.

రెండువందల అరవై రెండు.

ముందటి నెల అయితే జిగురని కొట్టిపారేసి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు చెప్పడానికి సాకు లేదు. బల్ల మీద నా పెద్ద నీళ్ళసీసా ఉంది, పొద్దుటి నుంచి రెండోసారి నింపినది, అప్పటికే సగమైంది. దాన్ని నేను చూశాను, వదినా చూసింది. అప్పుడు వదిన నర్సు చేతిలోంచి పట్టీల డబ్బా లాక్కుని, తనే ఇంకో పట్టీ తీసింది.

"మళ్ళీ చూద్దాం" అంది.

రెండుసార్లు ఒకేలా వస్తే మూడోసారి జోలికి పోని మనిషి. ఇన్నేళ్ళలో ఎవరికోసమూ ఆ నియమం తప్పని మనిషి. నా కోసం మూడో పట్టీ పట్టుకుని, ఈసారైనా తప్పని తేలుతుందేమోనని నా వేలు వెతుక్కుంటోంది. టీ రెండుసార్లు పెట్టించిందని ఇన్నాళ్ళూ మోసిన కోపమంతా ఆ క్షణాన కరిగిపోయింది.

"వద్దు వదినా" అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "రెండూ ఒకటే చెప్పాయిగా. సరిగ్గానే ఉంది."

"నీకు రాకూడదే" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"వచ్చింది. ఇప్పుడే తెలిసింది, అదే నయం. మీ తమ్ముడికి ఉన్న రోగమే కదా, ఇద్దరం ఒకే మాత్రల డబ్బా కొనుక్కుంటాం" అన్నాను. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది, నేనూ అంతే.

మర్నాడు ఆవిడ ల్యాబ్‌లో నరం రక్తం కూడా అదే మాట చెప్పింది. డాక్టరుగారు మందు రాశారు. నీళ్ళసీసా ఇప్పుడు పూటకి ఒకటి చాలు. పనయ్యాక మా ఆయనా నేనూ రెండు స్టాపుల ముందే బస్సు దిగి నడిచి ఇంటికొస్తున్నాం. వదిన వస్తే పంచదార లేని టీ పెడుతున్నాను. ఎలా ఉందో అడగను, మళ్ళీ పెట్టమంటుందని.

పోయిన నెల నా అంకె నూట ముప్పై నాలుగుకి దిగింది. వదిన మిషన్ చూసి, మురిసిపోయి, డబ్బా మూత పెట్టేయబోయింది.

"అదేం కుదరదు వదినా" అని ఇంకో వేలు చాపాను. "మళ్ళీ."